తక్కువ పవరుతో దూరపు రేడియో మాటలు – పాటించాల్సిన మర్యాదలు

ఈ సారి గోడపత్రికకు సైన్సు పాఠం రాయమంటే నేను హామ్ రేడియో గురించి రాస్తున్నా. మెల్లగా చదవండి, కష్టమేం కాదు.

హామ్ రేడియో అంటే ఏమిటి?

మనం పాటలు వినే రేడియోలో వినడమే ఉంటుంది. హామ్ రేడియోలో వినొచ్చు, మనమూ మాట్లాడొచ్చు. డబ్బు కోసం కాదు, ఇష్టం కొద్దీ చేస్తారు. ప్రభుత్వం పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది, దాంతో పాటు కాల్‌సైన్ ఇస్తుంది. కాల్‌సైన్ అంటే గాలిలో మన పేరు. ఒకరిది ఇంకొకరికి ఉండదు. మన దేశం వాళ్లది మామూలుగా వి.యు. అనే అక్షరాలతో మొదలవుతుంది.

దూరదేశం వాళ్లతో మాట్లాడటాన్ని డి.ఎక్స్. అంటారు. భూమి గుండ్రం కదా, మాట అంత దూరం ఎట్లా పోతుంది? పైన ఐనో ఆవరణం అనే పొర ఉంది. రేడియో తరంగం అక్కడ వంగి తిరిగి భూమి మీదికి వస్తుంది. ఇట్లా ఒకటి రెండుసార్లు ఎగిరి సముద్రాలు కూడా దాటుతుంది.

తక్కువ పవరు అంటే ఎంత?

హామ్ సెట్లు చాలావరకు 100 వాట్లవి. మోర్స్ చుక్కలు గీతలతో అయితే 5 వాట్లు, మాటతో అయితే 10 వాట్లు మించకుండా చేసేదాన్ని క్యూ.ఆర్.పి. అంటారు. 5 వాట్లంటే చిన్న ఎల్.ఇ.డి. బల్బుకు పట్టే కరెంటు. చిన్న బ్యాటరీ, సోలార్ పలక ఉంటే చాలు. కరెంటు లేని చోట కూడా నడుస్తుంది.

ఇక్కడ ఒక లెక్క చూడండి. వినేవాళ్ల సెట్టులో శబ్దం బలం చూపించే ముల్లు ఉంటుంది. పవరు 4 వంతుల్లో ఒక వంతు అయితే ముల్లు ఒక్క మెట్టే దిగుతుంది. 100ని 4తో భాగిస్తే 25. మళ్ళీ 4తో భాగిస్తే 6.25. అంటే 100 నుంచి 5 వాట్లకు వచ్చినా తగ్గేది రెండు మెట్లకు కొంచెం ఎక్కువ, అంతే! అందుకే చిన్న సెట్టు కూడా దూరం పోతుంది. కానీ పక్కన పెద్ద సెట్టు వాళ్లు అరుస్తుంటే ఆ రెండు మెట్లే మనల్ని ముంచేస్తాయి. మర్యాదలు అవసరమయ్యేది అందుకే.

తక్కువ పవరు వాళ్లు పాటించాల్సినవి

1. ముందు వినాలి. చాలాసేపు వినాలి. ఆ చోట ఎవరైనా మాట్లాడుకుంటున్నారా అని అడిగి, జవాబు రాకపోతేనే మొదలుపెట్టాలి.

2. అరుదైన చోటు నుంచి ఎవరైనా మాట్లాడితే వందలమంది ఒకేసారి పిలుస్తారు. అప్పుడు ఆయన పలికేది ఒక చోట, వినేది కొంచెం పైన ఇంకో చోట. ఆయన పలికే చోట మనం పిలవకూడదు. పిలిస్తే ఆయన మాట ఎవరికీ వినపడదు.

3. కాల్‌సైన్ మొత్తం ఒకసారి స్పష్టంగా చెప్పి ఆగాలి. సగం చెప్పకూడదు. కొండ మీది నుంచి అవతలి కొండకు కేకేస్తే ఎట్లా ఆగి వింటామో అట్లా. ఆగకుండా కేకలేస్తే జవాబు వచ్చినా మనకు తెలీదు.

4. "నాది చిన్న సెట్టు, నాకు ముందు ఇవ్వండి" అని బతిమాలకూడదు. వరస వచ్చేదాకా ఆగాలి, లేదా గుంపు తగ్గాక రావాలి.

5. వరస వచ్చినప్పుడు మాట చిన్నగా ముగించాలి. వెనకాల ఇంకా మంది ఉంటారు.

6. 50 వాట్లు పెట్టి 5 వాట్లే అని చెప్పకూడదు. చూసేవాళ్లు ఎవరూ ఉండరు, నిజాయితీ ఒక్కటే సాక్షి.

ఎక్కువ పవరు వాళ్లు పాటించాల్సినవి

1. "చిన్న సెట్టు వాళ్లు మాత్రమే పిలవండి" అంటే పెద్ద సెట్టు వాళ్లు నోరు మూసుకోవాలి.

2. ఒకరి కాల్‌సైన్‌లో రెండు అక్షరాలే వినపడి "మళ్ళీ చెప్పండి" అంటే, ఆ అక్షరాలు లేనివాళ్లు పలకకూడదు. ఎక్కువగా ఇట్లా సగం వినపడేది చిన్న సెట్టు వాళ్లే.

3. ఎట్లా వినపడిందో నిజం చెప్పాలి. అలవాటుగా అందరికీ 599 అని మంచి మార్కులు వేస్తారు. 5 వాట్ల మనిషికి తన మాట ఎంత బలంగా చేరిందో తెలుసుకోవాలని ఉంటుంది. మెల్లగా వినపడితే మెల్లగా అనే చెప్పాలి.

4. పని జరిగేంత పవరే వాడాలి. ఇది నియమం కూడా.

దీనివల్ల ఏం లాభం?

2004 డిసెంబరులో భారతీ ప్రసాద్ గారు, ఆమెతో కొందరు హామ్‌లు అండమాన్ వెళ్ళారు. అక్కడి నుంచి చాలా ఏళ్లుగా హామ్ రేడియో మాటలు లేవు, అందుకని లోకమంతా వాళ్లను పిలిచింది. డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఫోన్లు, కరెంటు పోయాయి. అప్పుడు వాళ్లు సరదా మాటలు ఆపేసి, బతికున్నవాళ్ల కబుర్లు ఇళ్లకు చేరవేశారు. అట్లాంటప్పుడు బ్యాటరీ మీద నడిచే సన్నటి గొంతులో ఒక ప్రాణం ఉండొచ్చు. మిగతావాళ్లు ఆగి వినే అలవాటు ముందే లేకపోతే ఆ రోజు ఎక్కడి నుంచి వస్తుంది?

మన బడిలో కూడా ఆరో తరగతికి కొత్తగా వచ్చే చెల్లెళ్లు ఇంట్లో కోయ మాటే మాట్లాడి వస్తారు. తెలుగులో జవాబు మెల్లగా చెప్తారు. మనం పెద్దగా అరిచి ముందు చెప్పేస్తే వాళ్ల జవాబు సారు దాకా పోదు. వాళ్లకు రాదని కాదు, మనం ఆగలేదు, అంతే.

మన దేశంలో 12 ఏళ్లు నిండితే హామ్ పరీక్ష రాయొచ్చు. నాకు 14. మీలో ఎవరికైనా ఆసక్తి ఉంటే రండి, కలిసి మోర్స్ నేర్చుకుందాం.

చదివారా? జవాబు చెప్పండి:
అ) 5 వాట్లను మళ్ళీ 4తో భాగిస్తే ఎన్ని వాట్లు? ముల్లు ఎన్ని మెట్లు దిగుతుంది?
ఆ) అరుదైన స్టేషను పలికే చోటే మనం ఎందుకు పిలవకూడదు?

– 9వ తరగతి విద్యార్థిని