వెనుక నిలిచిన వీరవనిత

ఫుట్‌బాల్ ఆటలో గోలు చేసినవారి పేరు ఎల్లరి నోళ్లయందు నానును. గోలు కానీయక అడ్డుకొనినవారిని తలచువారు అరుదు. అట్టి రక్షణస్థానమున నిలిచి కీర్తి గడించిన యువతి నయోమీ గిర్మా.

ఈమె 2000వ సంవత్సరమున అమెరికాలోని శాన్ హోసే నగరమున జన్మించెను. తలిదండ్రులు ఇథియోపియా దేశమునుండి వలస వచ్చినవారు. తమవారి పిల్లలు ఒకచోట కూడి ఆడుకొనుటకు ఆమె తండ్రి తోడ్పడెను. ఆమె బంతియాట మొదలిడినది అచ్చటనే.

ఆమె స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున చదువుచుండగా, 2019లో జాతీయ కళాశాలల తుదిపోటీ ఆమె పుట్టిన యూరనే జరిగెను. ఆట ముగియువరకు ఏ జట్టునకును గోలు లేదు. పెనాల్టీలలో 5–4తో స్టాన్‌ఫర్డ్ గెలిచెను. కాని మరుసటి యేడు ఆమె మోకాటి కీలులోని లిగమెంటు తెగెను. తోడివారు ఆడుచుండగా ఒక పోటీకాలమంతయు చూచుచు గడపవలసివచ్చెను. ఆమె చదువు సాగించెను. కాలు కుదుటపడగా మరల బరిలోనికి దిగెను.

2021 డిసెంబరులో వృత్తి జట్లు కళాశాల క్రీడాకారిణులను ఎన్నుకొనునపుడు శాన్‌డియాగో జట్టు ఎల్లరికంటె ముందు ఈమెనే కోరెను. 2022లో ఉత్తమ నూతన క్రీడాకారిణి, ఉత్తమ రక్షకురాలు అను రెండు బిరుదులును ఆమెకే దక్కెను. 2024 పారిస్ ఒలింపిక్స్ తుదిపోటీలో అమెరికా బ్రెజిలును 1–0తో ఓడించినపుడు రక్షణపంక్తి నడుమ నిలిచినది ఆమెయే. 2025 జనవరిలో ఇంగ్లండులోని చెల్సీ జట్టు ఆమెకై పది లక్షల డాలర్లకు మించిన మూల్యము చెల్లించెను. స్త్రీల ఫుట్‌బాలులో అంత ధర పలుకుట అదియే మొదలు.

గోలును ఆపుటకును విలువ కలదని లోకము నాడు ఒప్పుకొనెను. మీ జట్టులో వెనుక నిలుచువారిని మీరును మరువకుడు.