చక్రములోని గాలి

శాతవాహనుల కాలపు నాణెములు, మట్టిబొమ్మలు త్రవ్వకములలో బయల్పడిన చోటు కొండాపూర్. సంగారెడ్డి జిల్లాలోని ఆ ప్రాంతమునుండి నేడు అనేకులు తెల్లవారుజామున మోటారు సైకిళ్లపై పటాన్‌చెరు కర్మాగారములకు బయలుదేరుదురు. వెనుక తోడి కార్మికుడు, ప్రక్కన అన్నపు డబ్బాల సంచి, దారి పొడవున లారీలు. ఈ బరువును మోయునది ముఖ్యముగా టైరులో బిగించిన గాలియే. గాలి తగ్గిన టైరు మాటిమాటికి నలిగి వేడెక్కును. మలుపులో బండి తూలును. ఎక్కువైనచో నేలను తాకు భాగము తగ్గి పట్టు సడలును. కొండాపూర్‌కు చేరువనున్న సదాశివపేటలో పెద్ద టైర్ల కర్మాగారమే కలదు గాని, అచటివారు ప్రతి యింటికి వచ్చి గాలి చూడలేరు గదా!

ఇంతటి గాలిని చాలమంది బొటనవ్రేలితో నొక్కి నిర్ణయింతురు. టైరు గట్టిది, సగము గాలి పోయినను వ్రేలికి తెలియదు. కొలుచుటకు బద్ధకమేల? వాల్వు చేతికి అందదు. సైకిలు చక్రములో చోటు విశాలము. మోటారు సైకిలు చక్రము చిన్నది. నడుమ బ్రేకు డ్రమ్ము, ప్రక్కన పండ్లచక్రము లేక బ్రేకు పళ్లెము ఉండును. వాల్వు నిటారుగా ఇరుసువైపునకు చూచుచుండును. గొట్టమును వంకరగా పెట్టినచో బుస్సుమని గాలి పోవును, కొలతయు తప్పును. దుకాణపు కుర్రవాడు విసిగి “సరిపోయిందన్నా!” అనును.

ఇంజను ఆపి, బండిని నడిమి స్టాండుపై నిలిపి, చక్రమును చేతితో త్రిప్పి, వాల్వును సైలెన్సరు, గొలుసు కప్పు అడ్డురాని చోటికి తేవలెను. వ్రేళ్లు గొలుసు దరికి పోరాదు. అప్పుడే ఆగిన బండి బ్రేకు పళ్లెము చేతిని కాల్చును. వంపు తల గాని, మెత్తని గొట్టము గాని గల కొలపరికరము అప్పుడు సులభముగా కూర్చుండును. వంపు గొట్టపు ముక్కను వాల్వునకు తగిలించి కొలుచుటయు కలదు. పని కాగానే దానిని తీసివేయవలెను. చక్రము వేగముగా తిరుగునపుడు ఆ చిన్న బరువే వెలుపలికి లాగబడి వాల్వు మొదటి రబ్బరును వంచును. ట్యూబులేని టైరు మార్చునపుడు వంపు వాల్వునే వేయించుకొన్నచో ఈ చిక్కు ఉండదు.

కొలుచుట బయలుదేరక ముందే జరుగవలెను. వెనుక టైరునకు చదరపు అంగుళమునకు 29 పౌన్లు కావలెననుకొందము. ప్రయాణములో లోని గాలి 27 డిగ్రీలనుండి 57 డిగ్రీలకు వేడెక్కినచో పరికరము సుమారు 33 చూపును. పటాన్‌చెరులో దిగి కొలిచినవాడు ఎక్కువైనదని నాలుగు పౌన్లు వదలును. మరునాటి ఉదయము చల్లబడిన టైరులో మిగులునవి 25. వానికి తెలియదు, వెనుక కూర్చున్నవానికి అసలే తెలియదు. తగిన కొలత బండితో వచ్చిన పుస్తకములోను, తరచుగా గొలుసు కప్పుపైనను ముద్రించియుండును. వెనుక మనిషి ఉన్నప్పటి అంకె వేరు.

చివరకు మూత బిగించవలెను. దుమ్ము లోని సన్నని సూది చుట్టును చేరినచో గాలి మెల్లగా జారును. సబ్బు నీటి చుక్క వేసి చూచినచో, జారుచున్న వాల్వుపై చిన్న బుడగ లేచును.