పిట్టల ఫొటోలకు లెన్సు కొనబోయే వాళ్లకు కొన్ని అనుభవ పాఠాలు

"మాస్టారూ, చేతిలో ఇరవై వేలున్నాయి, పిట్టల ఫొటోలకు ఏ లెన్సు కొనమంటారు?" అని కుర్రాళ్లు తరచూ అడుగుతుంటారు. ట్యూషన్లు చెప్పో, పెళ్లిళ్లలో రెండో కెమెరా పట్టుకునో కూడబెట్టిన డబ్బు అది. అలాంటి డబ్బుకు ఫోన్లో ఒక పేరు చెప్పేసి ఊరుకోవడం నాకిష్టం ఉండదు. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు పిట్ట పేరు చెప్పండి, లెన్సు సంగతి తర్వాత చూద్దాం.

ఒక్క లెక్క వస్తే చాలు, షాపులో ఎవరూ మిమ్మల్ని తికమకపెట్టలేరు. కెమెరా సెన్సర్ వెడల్పును పిట్ట ఉన్న దూరంతో గుణించి, లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి. ఫొటోలో ఎంత వెడల్పు పడుతుందో తేలిపోతుంది. మామూలు క్రాప్ సెన్సర్ వెడల్పు సుమారు 23 ఎంఎం. 300 ఎంఎం లెన్సుతో 40 మీటర్ల దూరంలోని గూడబాతును తీస్తే ఫ్రేములో 3 మీటర్ల మేర పడుతుంది. గూడబాతు మీటరున్నర దాకా ఉంటుంది కాబట్టి సగం ఫ్రేము అదే నింపేస్తుంది. గూడు, పిల్లలు కూడా కలిసొస్తాయి. అదే లెన్సుతో, మందారం మీద వాలిన తేనెపిట్టను 10 మీటర్ల నుంచి తీశారనుకోండి. ఫ్రేము వెడల్పు ముప్పావు మీటరు, పిట్ట 10 సెంటీమీటర్లు. ఫ్రేములో ఏడో వంతు కూడా నిండదు.

అందుకే గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు గట్టు మీద నిలబడ్డా, కొల్లేటి ఒడ్డున ఆటపాకలో పడవెక్కినా 250, 300 ఎంఎం లెన్సుతో తృప్తిగా తీసుకోవచ్చు. పులికాట్ వేరు. అక్కడ ఫ్లెమింగోలు నీళ్ల మధ్య ఎక్కడో దూరాన ఉంటాయి, 600 ఎంఎం కూడా ఒక్కోసారి చాలదు.

ఇంకో సంగతి. 24 మెగాపిక్సెల్ కెమెరాలో 300 ఎంఎంతో తీసిన ఫొటోను 400 ఎంఎం చూపించేంత మేరకు క్రాప్ చేస్తే ఇంకా 13 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. ఏ4 సైజు మంచి ప్రింటుకు 9 సరిపోతాయి. 600 ఎంఎం మేరకు క్రాప్ చేస్తే మాత్రం మిగిలేవి 6. కాబట్టి 250 ఉన్నవాళ్లు 300 కోసం డబ్బు పెట్టడం దండగ. పెడితే 400కు తగ్గని లెన్సుకే పెట్టండి.

2. వెలుగును లెక్కలోకి తీసుకోండి.

పిట్టలు బాగా మసిలేది పొద్దు పొడిచిన మొదటి గంటలో. వెలుగు పలచగా ఉండేదీ అప్పుడే. ఎఫ్/5.6 లెన్సుకు 1/1000 సెకను షట్టర్ స్పీడు దొరికిన చోట ఎఫ్/11 లెన్సుకు 1/250 మాత్రమే దొరుకుతుంది. ఎగిరే పిట్టకు 1/2000 కావాలి, అప్పుడు ఐఎస్ఓ ఎంతకు పెంచాలో ఊహించుకోండి. కెనాన్ 2020లో తెచ్చిన ఆర్ఎఫ్ 600 ఎంఎం ఎఫ్/11 కిలో కూడా ఉండదు, మోయడానికి హాయి. పులికాట్ లాంటి బయలు ఎండలో దాన్ని నిశ్చింతగా వాడొచ్చు. వికారాబాద్ అనంతగిరి చెట్ల నీడలో తిరిగేవాళ్లకు మాత్రం నేను చచ్చినా చెప్పను.

3. స్టెబిలైజర్ మీ చేతి వణుకును మాత్రమే ఆపుతుంది.

ఐఎస్, వీఆర్, వీసీ, ఓఎస్ అని ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది, పని ఒకటే. పిట్ట తల తిప్పితే వచ్చే మసకను అదేమీ చేయలేదు. కొమ్మ మీద కుదురుగా ఉన్న పాలపిట్టకైనా 1/500 పెట్టుకోండి.

4. లెన్సు మీ బాడీకి పనికొస్తుందో లేదో చూసుకోండి.

డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. నికాన్ డి3100, డి5300 లాంటి చిన్న బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. వాటికి పాత ఏఎఫ్-డి లెన్సు తగిలిస్తే చేత్తో తిప్పుకోవాల్సిందే. ఏఎఫ్-ఎస్ అని రాసి ఉంటే ఇబ్బంది లేదు. ఏఎఫ్-పి రకం చేతికి తేలిగ్గా ఉంటుంది, ఫోకస్ చప్పుడు లేకుండా పడుతుంది. కానీ డి90, డి3100 లాంటి పాత బాడీల మీద అది ఫోకసే అవ్వదు, చేత్తో తిప్పినా పలకదు. కెనాన్‌లో ఈఎఫ్-ఎస్ లెన్సు ఫుల్‌ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కు ఎక్కదు. కొత్త ఆర్ బాడీలకు మాత్రం అడాప్టర్‌తో పాత ఈఎఫ్ లెన్సులన్నీ చక్కగా నడుస్తాయి. ఆ బాడీ ఉన్నవాళ్లకు సెకండ్‌హ్యాండ్ బజారంతా తెరిచే ఉంది.

5. సెకండ్‌హ్యాండ్‌కు భయపడకండి, కానీ టార్చి లేకుండా వెళ్లకండి.

కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నా, పరిచయమున్న పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ దగ్గర కొన్నా పద్ధతి ఇదే. ముందూ వెనకా మూతలు తీసి, వెనక గాజు వైపు నుంచి ఫోన్ టార్చి వేసి, ముందు నుంచి కాస్త వాలుగా చూడండి. నాలుగు దుమ్ము రేణువులు కనబడితే ఫర్వాలేదు, ఫొటోలో కనిపించవు. సాలెపోగుల్లా అల్లుకున్న సన్నటి గీతలు కనబడితే అది ఫంగస్. మన కోస్తా తేమకు త్వరగా పట్టేస్తుంది. ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. ముందు గాజు మీద చిన్న గీత ఉంటే బేరమాడండి, వెనక గాజు మీద ఉంటే వదిలేయండి.

తర్వాత మౌంటు దగ్గర స్క్రూల తలలు చూడండి. అరిగి ఉంటే ఎవరో విప్పారన్నమాట. ఫిల్టర్ బిగించే అంచుకు సొట్ట ఉంటే లెన్సు కిందపడింది. ఆపైన మీ కెమెరాకు తగిలించి దగ్గరి వస్తువు మీదికీ దూరపు చెట్టు మీదికీ మార్చి మార్చి ఫోకస్ చేయండి. తడబడినా, గరగరమన్నా ఆలోచించండి. జూమ్ రింగు ఒకచోట తేలిగ్గా, ఒకచోట బిగుతుగా తిరగకూడదు. బిల్లు మీది సీరియల్ నంబరు, లెన్సు మీది నంబరు ఒకటేనా అని చూసే డబ్బివ్వండి.

6. పేర్లు అడుగుతారని తెలుసు, చెబుతాను.

ఇరవై వేలలో సెకండ్‌హ్యాండ్‌కు వెళ్తే కెనాన్ వాళ్లకు 55-250 ఐఎస్ ఎస్‌టీఎం. 375 గ్రాములే. మీటరు లోపు కూడా ఫోకస్ అవుతుంది కాబట్టి సీతాకోకచిలుకలకూ పనికొస్తుంది. నికాన్ వాళ్లకు, బాడీ కుదిరితే, ఏఎఫ్-పి డీఎక్స్ 70-300 వీఆర్. వీఆర్ లేని అదే లెన్సు ఇంకోటి ఉంది, పేరులో ఆ రెండక్షరాలు చూసి కొనండి. పేరులో 300 ఉంది కదా అని స్టెబిలైజర్ లేని చౌక 75-300 జోలికి వెళ్లకండి.

ఇంకాస్త కూడబెట్టగలిగితే సిగ్మా 100-400. 2017లో వచ్చింది, కిలో నూట అరవై గ్రాములు. నా దృష్టిలో నడిచి తిరిగేవాళ్లకు దానికి మించిన బేరం లేదు. ఆ పైన టామ్రాన్, సిగ్మాల 150-600, నికాన్ 200-500. ఇవి రెండు కిలోల అటూ ఇటూ ఉంటాయి.

7. బరువును షాపులో అంచనా వేయకండి.

రెండు కిలోల లెన్సు కౌంటర్ దగ్గర తేలిగ్గానే ఉంటుంది. ఒకరోజు అద్దెకు తీసుకుని, నేలపట్టులో తెల్లవారి నుంచి పది దాకా మెడలో వేసుకుని తిరగండి. మోనోపాడ్ ఖర్చు కూడా మీ బడ్జెట్‌లో ఉండాలో లేదో అప్పుడు తెలుస్తుంది.

8. చిన్న లెన్సుకు కన్వర్టర్ వద్దు.

1.4 రెట్ల కన్వర్టర్ ఒక స్టాపు వెలుగును, 2 రెట్లది రెండు స్టాపుల వెలుగును తినేస్తుంది. ఎఫ్/5.6 లెన్సుకు తగిలిస్తే చాలా పాత డీఎస్ఎల్ఆర్‌లలో ఆటోఫోకస్ ఆగిపోతుంది.

9. మధ్యాహ్నం మసకకు లెన్సును తిట్టకండి.

వేసవిలో పదకొండు దాటాక నీటి మీద గాలి వేడెక్కి అల్లాడుతుంది. ఎంత ఖరీదైన లెన్సయినా వంద మీటర్ల అవతలి పిట్టను స్పష్టంగా చూపలేదు. అప్పుడు తీసిన ఫొటో చూసి లెన్సు అమ్మేసిన వాళ్లను ఎరుగుదును.

లెన్సు ఎలా ఉందో తేల్చుకోవాలంటే ఇంటి గోడకు న్యూస్‌పేపర్ అంటించి, ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, పూర్తి జూమ్‌లో, అపర్చర్ పూర్తిగా తెరిచి తీయండి. నాలుగు మూలలూ కొద్దిగా మెత్తబడితే మామూలే. ఒక్క పక్క మాత్రమే మసకగా ఉంటే లోపల గాజు పక్కకు జరిగినట్టు. షాపువాళ్లు ఇచ్చిన రిటర్న్ గడువులోనే ఈ పని ముగించుకుని, తేడా ఉంటే బిల్లుతో సహా వెనక్కి తీసుకెళ్లండి.