పాత బొమ్మ గుర్రం

కోడలు విజయవాడలో రెండిళ్లలో పని చేస్తుంది. ఒక ఇంటివాళ్లు ఇల్లు మారుతూ ఆమెకు ఒక సంచి ఇచ్చారు. సంచి నిండా పాత బొమ్మలే.

ఇంటికి వచ్చి సంచి గుమ్మరించింది. చక్రం ఊడిన కారు. కన్ను లేని ఎలుగుబంటి. మీట నొక్కితే పాడే చిలక. వాటి మధ్య ఒక గులాబీ రంగు గుర్రం. ప్లాస్టిక్‌ది, అరచేతిలో పట్టేంత ఉంది. దానికి జుట్టులాంటి జూలు, తోక ఉన్నాయి. జూలు చిక్కుపడి ఉండ కట్టింది. ఒంటి నిండా జిడ్డు. పొట్ట మీద పెన్ను గీతలు. తొడ మీద మాత్రం ఒక సీతాకోకచిలుక గుర్తు అందంగా ఉంది.

నాలుగేళ్ల మనవరాలు గుర్రాన్ని లాక్కుంది. ఏడాది పిల్లాడు పాక్కుంటూ వచ్చి చిలకను నోట్లో పెట్టుకోబోయాడు. అత్త చటుక్కున పట్టుకుంది.

"ఇలా ఇవ్వరా నాయనా! ఎన్నాళ్ల మురికో ఏమో. అమ్మాయ్, ముందు ఇవన్నీ కడుగు."

"బకెట్లో నానేస్తాను అత్తయ్యా. కాస్త బ్లీచింగ్ పౌడరు, కాస్త బాత్రూం యాసిడ్ పోస్తే మురికంతా పోద్ది."

కోడలు చెప్పిన మాటలో రెండు ప్రమాదాలు ఉన్నాయి. ఒకటి బొమ్మకు. ఒకటి ఆమె ప్రాణానికి. ప్రాణం సంగతే ముందు చూద్దాం.

బ్లీచింగ్ పౌడరు, యాసిడ్ ఎప్పుడూ కలపకూడదు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. కళ్లు మండుతాయి. దగ్గు వస్తుంది. ఊపిరి ఆడదు. చిన్న బాత్రూంలో తలుపు వేసుకుని పని చేస్తుంటే మనిషి పడిపోవచ్చు. ఇళ్లలో పని చేసే ఆడవాళ్లు ఈ సంగతి తప్పకుండా తెలుసుకోవాలి. సీసాల్లో వచ్చే నీలం, తెలుపు మందులకు కూడా ఇదే మాట. ఒకదానితో కడిగితే రెండోది ముట్టుకోవద్దు. "త్వరగా కానియ్యి, రెండూ కలిపి పోసెయ్" అని ఎవరన్నా చెప్పినా వినొద్దు. ఘాటు వాసన వస్తే పని వదిలేసి వెంటనే బయట గాలిలోకి రావాలి. ఊపిరి అందకపోతే 108కి ఫోన్ చేయించాలి.

ఇక బొమ్మ సంగతి.

గుర్రం పుట్టిల్లు

ఇలాంటి గుర్రాలు మొదట అమెరికాలో పుట్టాయి. అక్కడ హాస్‌బ్రో అనే బొమ్మల కంపెనీ ఉంది. 1981లో ఆ కంపెనీ ఒక గుర్రం బొమ్మను అమ్మకానికి పెట్టింది. దాని పేరు 'మై ప్రెటీ పోనీ'. పోనీ అంటే పొట్టి గుర్రం. అది కాస్త పెద్దది. గట్టి ప్లాస్టిక్‌తో చేశారు. కొద్ది కాలానికే చిన్నవి, మెత్తనివి, రంగురంగులవి వచ్చాయి. వాటికి 'మై లిటిల్ పోనీ' అని పేరు పెట్టారు. ఒక్కో గుర్రానికి ఒక్కో పేరు. తొడ మీద ఒక్కో గుర్తు. పువ్వు, పండు, నక్షత్రం, సీతాకోకచిలుక ఇలాగ.

ఆనాడు వాటితో ఆడుకున్న పిల్లలు ఇప్పుడు నడివయసు వాళ్లు. వాళ్లలో కొందరు పాత గుర్రాలను వెతికి మరీ కొంటారు. వరసగా పెట్టుకుని మురిసిపోతారు. మన దగ్గర దసరాకో, సంక్రాంతికో బొమ్మల కొలువు పెట్టేవాళ్లు ఏటా బొమ్మలు కూడబెట్టినట్టే. మురికి పట్టి, జూలు రేగి దొరికిన గుర్రాన్ని వాళ్లు ఇంట్లోనే బాగు చేసుకుంటారు. చేసి చేసి కొన్ని మెళకువలు నేర్చుకున్నారు. అవి మెత్తని ప్లాస్టిక్ బొమ్మలన్నిటికీ పనికొస్తాయి. సంచిలోది అసలు గుర్రం కావచ్చు, దాన్ని చూసి చేసిన నకలు కావచ్చు. కడిగే పద్ధతి ఒకటే.

ఎందుకు నానబెట్టకూడదు?

గుర్రం లోపల గుల్ల. తల వేరు, ఒళ్లు వేరు. తలను మెడ దగ్గర నొక్కి బిగిస్తారు. జూలు నైలాన్ దారం లాంటిది. తలకు, మెడకు సన్నని బెజ్జాలు వేసి కుచ్చులు కుచ్చులుగా కుడతారు. తోకను వెనక బెజ్జంలోంచి లోపలికి తీసి బిగిస్తారు. బాగా పాతవాటిలో తోక జారిపోకుండా లోపల ఒక ఇనప బిళ్ల ఉంటుంది.

నీళ్లలో నానేస్తే ఏమవుతుంది? బెజ్జాల్లోంచి నీళ్లు లోపలికి పోతాయి. పోయిన నీళ్లు తొందరగా బయటికి రావు. లోపల బూజు పడుతుంది. ఇనప బిళ్ల ఉంటే తుప్పు పడుతుంది. తుప్పు మరక తోకకు, తొడలకు దిగుతుంది. లోపలి నుంచి వచ్చిన మరకను బయట ఎంత తోమినా లాభం లేదు.

గుర్రాన్ని గట్టిగా నొక్కి చూడండి. బెజ్జాల్లోంచి నల్లటి నీళ్లు వచ్చినా, ముక్కిపోయిన వాసన వచ్చినా లోపల బూజు ఉన్నట్టే. అప్పుడు తల తీసి కడగాలి. మెడ భాగాన్ని వేడి నీళ్లలో కాసేపు ఉంచితే ప్లాస్టిక్ మెత్తబడుతుంది. మసిలే నీళ్లు వద్దు, చెయ్యి కాలుతుంది. మెల్లగా అటూ ఇటూ ఆడిస్తూ లాగితే తల ఊడి వస్తుంది. కొన్నిటికి జిగురు పెట్టి ఉంటుంది. అవి రాకపోతే బలవంతం చేయొద్దు, చిరిగిపోతాయి. తల వస్తే, తుప్పు పట్టిన బిళ్ల తీసేయాలి. లోపల సబ్బు నీళ్లతో కడిగి, రెండు మూడు రోజులు నీడలో ఆరబెట్టాలి. తోక మొదలును నైలాన్ దారంతో గట్టిగా ముడి వేసి మళ్లీ దూర్చాలి. మెడను మళ్లీ వేడి నీళ్లలో మెత్తబరచి తల బిగించాలి.

ఇది ఓపిక ఉంటే చేసే పని. లోపల శుభ్రంగా ఉంటే తల జోలికి పోనక్కర లేదు.

ఒళ్లు కడగడం

ఒక గిన్నెలో గోరువెచ్చని నీళ్లు తీసుకోవాలి. అంట్లు తోమే సబ్బు నీళ్లు నాలుగు చుక్కలు వేయాలి. పాత గుడ్డ ముంచి, పిండి, ఆ గుడ్డతో తుడవాలి. చెవుల సందులు, డెక్కల సందులు మెత్తని పాత టూత్ బ్రష్‌తో తోమాలి. పీచు, ఇసుక, బూడిద వాడితే గీతలు పడతాయి. గీతల్లో మళ్లీ మురికి చేరుతుంది.

కళ్లు, తొడ మీది గుర్తు పైన వేసిన రంగు. అక్కడ ఒత్తి రుద్దకూడదు. గుర్తు చెరిగిన గుర్రానికి కొనేవాళ్లు తక్కువ డబ్బు ఇస్తారు. మురికిగా ఉన్నా గుర్తు బాగుంటే దానికే విలువ ఎక్కువ.

పోని మరకల మీద వంటసోడా నీళ్లతో ముద్ద చేసి, వేలితో మెల్లగా రుద్దాలి. పెయింట్ థిన్నరు, గోళ్ల రంగు తుడిచే మందు వాడొద్దు. వాటికి ప్లాస్టిక్ కూడా కరుగుతుంది.

పెన్ను గీతలు మాత్రం మొండివి. ఇంకు ప్లాస్టిక్ లోపలికి ఇంకిపోతుంది. ఇందుకు అమెరికా వాళ్లు మొటిమలకు రాసే ఒక మందు వాడతారు. దాని పేరు బెంజాయిల్ పెరాక్సైడ్. గీత మీద రాసి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి, రోజుల తరబడి ఎండలో పెడతారు. గీత పోతుంది. కానీ గులాబీ రంగు కూడా వెలిసి తెల్ల మచ్చ పడవచ్చు. మందు ఖర్చు అదనం. పిల్ల ఆడుకునే బొమ్మకు ఇంత తిప్పలు దేనికి? గీతలు ఉండనివ్వండి.

జూలు దువ్వడం

అందరికీ ఇష్టమైన పని ఇదే. ముందు గుర్రాన్ని తలకిందులుగా పట్టుకుని జూలు ఒక్కటే తడపాలి. కాస్త షాంపూ రాసి వేళ్లతో నలపాలి. మంచి నీళ్లతో జాడించాలి. తర్వాత జుట్టు మెత్తబడే కండిషనర్ ప్యాకెట్ ఉంటే కాస్త రాసి, దువ్వాక కడిగేయాలి. నూనె మాత్రం వద్దు. దుమ్మంతా పట్టుకుంటుంది.

దువ్వెన పళ్లు ఎడంగా ఉండాలి. మొదలు నుంచి దువ్వితే కుచ్చులు ఊడి వస్తాయి. కొసల నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పైకి రావాలి. ఆడపిల్లకు జడ వేసే ఏ తల్లికీ ఇది కొత్త కాదు.

కోడలు దువ్వుతుంటే మనవరాలు పక్కనే కూచుంది. "అమ్మా, నొప్పి పుట్టకుండా దువ్వు" అంది.

ఉండ కట్టిన చోట కత్తెర వేయాలనిపిస్తుంది. వేయకండి. అది మన జుట్టు కాదు, మళ్లీ పెరగదు. దువ్విన జూలును నిటారుగా సర్ది, నీడలో గాలికి ఆరబెట్టాలి. గట్టి ఎండలో రోజులు పెడితే రంగు వెలుస్తుంది.

పాడే చిలకలో బ్యాటరీ

చిలక పొట్టలో బిళ్లలాంటి చిన్న బ్యాటరీలు ఉన్నాయి. మూత మర ఊడి ఉంది. ఇది మురికి కంటే పెద్ద అపాయం. బిళ్ల బ్యాటరీ పిల్లాడి గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల పుండు పడవచ్చు. మింగాడని అనుమానం వచ్చినా ఆగకూడదు. వాంతి చేయించకూడదు. వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసుకుపోవాలి.

కోడలు బ్యాటరీలు తీసి, పిల్లలకు అందని చోట పెట్టింది. ఊడే చక్రాలు, గుండీ కళ్లు కూడా తీసేసింది. మూడేళ్లలోపు పిల్లల నోట్లో పట్టేవి ఏవీ వాళ్లకు ఇవ్వకూడదు. జూలు ఊడే గుర్రం కూడా అక్కకే, తమ్ముడికి కాదు. తుడిచాక కూడా చేతికి జిగురుగా తగిలే పాత ప్లాస్టిక్ బొమ్మలు ఎవరికీ వద్దు.

అటక మీది ఏనుగు

గుర్రం తళతళలాడటం చూసి అత్త అటక ఎక్కించిన పెట్టె దింపింది. అందులో ఆమె పుట్టింటి కొండపల్లి బొమ్మ ఉంది. అంబారీ ఏనుగు. పెళ్లప్పుడు తెచ్చుకున్నది. దుమ్ము పేరుకుంది. ఒక కాలు ఊడింది.

కోడలు దాన్ని తీసుకుని అదే గిన్నెలో ముంచబోయింది.

"అమ్మో, ఆగమ్మాయ్! అది చెక్క" అని అరిచింది అత్త.

అత్త అరవడం మంచిదైంది. కొండపల్లి బొమ్మను తెల్ల పొణికి కర్రతో చేస్తారు. ఆ కర్ర చాలా తేలిక, చాలా మెత్తన. నీళ్లు పీల్చుకుంటుంది. ఏనుగుకు కాళ్లు, తొండం, అంబారీ విడివిడిగా చెక్కుతారు. చింతగింజల జిగురులో రంపంపొట్టు కలిపి ముద్ద చేస్తారు. దాన్ని మక్కు అంటారు. ఆ మక్కుతో అతుకుతారు. పైన తెల్ల పూత పూసి, ఆ మీద రంగులు వేస్తారు. నీళ్లలో ముంచితే చెక్క ఉబ్బుతుంది, మక్కు నానుతుంది, పూత పెచ్చులు లేస్తుంది. ముప్పై ఏళ్లు దాచుకున్న ఏనుగు ముప్పై నిమిషాల్లో పోయేది.

చెక్క బొమ్మకు పొడి పని చాలు. మెత్తని కొత్త బ్రష్‌తో దుమ్ము దులపాలి. ఇంకా మురికి ఉంటే, దూది తడిపి గట్టిగా పిండి, పాదం అడుగున ఒక్కచోట అద్ది చూడాలి. దూదికి రంగు అంటితే అక్కడితో ఆపాలి. అంటకపోతే అలాగే కొద్దికొద్దిగా తుడిచి, వెంటనే పొడి గుడ్డతో అద్దాలి.

ఊడిన కాలు చెక్కపని జిగురుతో అతికి, దారం చుట్టి, రాత్రంతా కదపకుండా ఉంచాలి. బొమ్మ కింద సన్నని పిండి రాలుతుంటే పురుగు తొలిచినట్టు. దాన్ని మిగతా బొమ్మల నుంచి వేరు చేయాలి. కిరసనాయిలు పోయొద్దు. రంగు పాడవుతుంది, నిప్పు భయం కూడా. కొండపల్లి దగ్గరే కాబట్టి చేసేవాళ్లకే చూపించవచ్చు.

లక్కపూత ఉన్న ఏటికొప్పాక బొమ్మలకు వేడి పనికిరాదు. లక్క మెత్తబడుతుంది. పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

"తుడిచేశాం కదా, పిల్లాడికి ఇద్దామా ఏనుగు?" అంది అత్త.

ఇవ్వకూడదు. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. సీసం ఒంట్లో చేరితే పిల్లల మెదడు ఎదగదు. చదువు మందగిస్తుంది. బయటికి ఏమీ కనపడదు. ఇంటి రంగుల్లో సీసం బాగా తగ్గించాలని మన ప్రభుత్వం 2016లో నియమం చేసింది. 2017 నవంబరు నుంచి అది అమలులోకి వచ్చింది. అంతకు ముందు నిగనిగలాడే రంగు వేసిన బొమ్మలు చూడటానికే, నోట్లో పెట్టుకోవడానికి కాదు. పెచ్చులు లేచిన రంగును గరుకు కాగితంతో రుద్దొద్దు. ఆ పొడి పీలిస్తే పెద్దవాళ్లకూ చేటే. తుడిచాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

కొత్త ప్లాస్టిక్ బొమ్మ కొంటే ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడాలి. 2021 జనవరి నుంచి దుకాణంలో అమ్మే బొమ్మలకు ఆ గుర్తు ఉండాలి. నమోదైన చేతిపనివాళ్లు చేసే బొమ్మలకు మినహాయింపు ఉంది.

చదివి చెప్పండి

1. గుర్రాన్ని నీళ్లలో ఎందుకు నానబెట్టకూడదు?
2. ఏ రెండు మందులు కలిస్తే విషవాయువు వస్తుంది?
3. చెక్క బొమ్మ రంగు పోతుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఇంట్లో చూసి రాయండి

మీ ఇంట్లో బాత్రూం కడిగే సీసా మీద ఏం రాసి ఉంది? పేరు చదివి రాయండి. మీ పిల్లల బొమ్మల్లో బ్యాటరీ ఉన్నవి ఎన్ని? మూత గట్టిగా ఉన్నవి ఎన్ని? అంకెల్లో రాయండి.