మంచు చూపిన దీవులు

కొల్లేటి లంకలంటే మనకు చేపల చెరువులు, జనం గుర్తొస్తారు. జనం స్థిరపడని 192 దీవుల గుంపొకటి ఉత్తర ధ్రువానికి సుమారు 900 కి.మీ. ఇవతల, రష్యా ఏలుబడిలో ఉంది. పేరు ఫ్రాంజ్ జోసెఫ్ లాండ్. అక్కడి నేలలో దాదాపు 85 శాతం మంచు కిందే.

1872లో ఆస్ట్రియా-హంగరీకి చెందిన వైప్రెక్ట్, పాయర్‌ల ఓడ ‘టెగెట్‌హాఫ్’ మంచులో బిగుసుకుంది. ఏడాదిపాటు మంచు ఎటు లాగితే అటే పోయింది. 1873 ఆగస్టు 30న పొగమంచు విడితే ఎదురుగా నేల! దానికి తమ చక్రవర్తి పేరు పెట్టారు. 1874లో ఓడను వదిలేసి, పడవలు ఈడ్చుకుంటూ బయటపడ్డారు.

తిరిగొచ్చాక వైప్రెక్ట్ వాదన ఇది: కొత్త నేలకు పేరు పెట్టినంతలో శాస్త్రం కాదు, పలు దేశాలు ఒకేసారి వాతావరణాన్నీ, భూ అయస్కాంతాన్నీ కొలవాలి. అదే 1882-83లో మొదటి అంతర్జాతీయ ధ్రువ సంవత్సరమైంది. అది చూడకుండానే ఆయన 1881లో కన్నుమూశాడు.

నిజమే కదా! మా ద్వారకా తిరుమల మెట్టలో పడ్డ వాన ఒక్కటే కొలిస్తే రుతుపవనం పోకడ తెలుస్తుందా?