గాలివాన రాత్రి – గురుకృప

కుచేలోపాఖ్యానమనగానే మనకు పిడికెడు అటుకులే తోచును. ద్వారకలో శ్రీకృష్ణుడు ఆ పేదమిత్రుని పర్యంకముపై కూర్చుండబెట్టుకొని ముచ్చటించినది మాత్రము గురుకులములోని ఒక రాత్రిని గూర్చి. భాగవత దశమస్కంధము 80వ అధ్యాయములోని ఆ భాగమును మనము త్వరత్వరగా దాటిపోవుదుము. చదువు చెప్పువారు అచ్చట కొంత ఆగవలెను.

సాందీపని చెంత చదువుచున్న కాలమున గురుపత్ని ఒకనాడు కట్టెలకై ఈ బాలకులను అడవికి పంపెను. కాలముగాని కాలమున పెనుగాలి, వాన, ఉరుములు. ప్రొద్దు గ్రుంకెను. నేలయంతయు నీరై మిట్టపల్లములు తెలియరాలేదు. ఒకరి చేయి ఒకరు పట్టుకొని దిక్కు తోచక తిరిగిరి. సూర్యోదయము కాగానే సాందీపని తానే వారిని వెదకుకొనుచు వచ్చెను. కట్టెలు తడిసెనా, ఆలస్యమేల అని అడుగలేదు. మా కొరకు ఎంత కష్టపడితిరి నాయనలారా అని తానే నొచ్చుకొనెను. ఎల్లరకును ప్రియమైన దేహమును సైతము లెక్కసేయలేదు గదా యనెను. పిదప, చదివిన వేదము ఇహపరములందు సారము తరుగకుండుగాక అని దీవించెను. ఆనాటి పాఠము తప్పెనేమో గాని విద్య తప్పలేదు.

మహాభారత ఆదిపర్వమున ధౌమ్యుని శిష్యుడగు వేదుడు కలడు. గట్టునకు అడ్డుగా పరుండిన ఆరుణి కథ పిల్లలకందరును చెప్పుదురు. వేదుని కథ చెప్పువారరుదు. గురువునింట కాడి మోయు ఎద్దువలె పాటుపడి, చలిని, ఎండను, ఆకలిదప్పులను ఓర్చినవాడాతడు. తాను గురువైన పిమ్మట, ఆ కష్టమెరిగినవాడగుటచే, శిష్యులకు ఏ పనియు చెప్పకుండెను. "మేమింతకంటె పడితిమి" అను మాట ఆతని నోట రాలేదు.

ఇది కేవలము మెత్తనిమనస్సు కాదు, శాస్త్రమును ఇట్లే యున్నది. యాజ్ఞవల్క్యస్మృతి 37 అనధ్యాయములను చెప్పినది. పెనుగాలి, ధూళివాన, మంచు అందు చేరినవి. భయము కూడ చేరినది. బెదరిన పిల్లవానికి పాఠము చెప్పరాదని అర్థము. అయితే ఇవి తాత్కాలికములు, కారణమున్నంతవరకే విరామము.

2020 మార్చిలో కరోనా వలన పాఠశాలలు మూతపడెను. ఆ యేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండును పదవతరగతి పరీక్షలను రద్దు చేసెను. చదువకయే గట్టెక్కిరని పిల్లలను ఎగతాళి చేసినవారున్నారు. నేను అంతకంటె మేలేమియు కాను. ఫోనులో ప్రబంధపాఠము చెప్పుచు, నాలుగు దినములు పలుకని పిల్లవానిని అయిదవనాడు అందరును వినుచుండగా మందలించితిని. వాడు మారు పలుకలేదు. ఆ యింట ఉన్నది ఒక్కటే ఫోను. అది ఆసుపత్రిలోనున్న తండ్రివద్ద నున్నది. వాడు పొరుగువారి ఫోను అడిగి తెచ్చుకొని నా తిట్లు వినెను. ముందువారమే నేను వారికి ఈ కుచేలోపాఖ్యానమును చెప్పియుంటిని!

సంగతి తెలిసిన సాయంకాలము ఆ పొరుగువారి యింటికే ఫోను చేసి, పాఠము ఊసెత్తక, తండ్రి క్షేమమడిగితిని. తప్పిపోయిన పాశురములను వాడు శ్రావణమాసములో, తండ్రి ఇల్లు చేరిన పిమ్మట, ఒక్కొక్కటిగా అప్పగించెను.