బావి నీళ్లు పరీక్షకు పంపుతున్నారా?

ఈ నెలలో పత్తికి మందు కొట్టిన మర్నాడే జోరువాన పడిందంటే, ఆ మందులో కొంత పల్లానికి దిగినట్టే. పల్లాన తాగునీటి బావి ఉంటే నీళ్లు పరీక్ష చేయించండి. వాసన రావడం లేదు కదా అని ధీమాగా ఉండొద్దు. తాగే నీటిలో మోనోక్రోటోఫాస్ లీటరుకు 1 మైక్రోగ్రాము మించకూడదని మన దేశ ప్రమాణం ఐఎస్ 10500. పది లక్షల లీటర్లకు ఒక్క గ్రామన్నమాట. 36 శాతం మందు ఓ మూతెడు, అంటే 10 మిల్లీలీటర్లు, లక్షా నలభై వేల లీటర్లున్న బావిలో పడితే చాలు, ఆ హద్దుకు పాతిక రెట్లవుతుంది. అంత పలచటి విషం ముక్కుకు అందదు.

చాలా యంత్రాలకూ నేరుగా అందదు. అందుకే ల్యాబులో ముందు దాన్ని నీళ్లలోంచి లాగుతారు. అడుగున కొళాయి ఉన్న గాజు బుడ్డిలో లీటరు నీళ్లు పోసి, డైక్లోరోమీథేన్ కలిపి, మధ్యమధ్య గ్యాసు వదులుతూ గిలక్కొడతారు. కాసేపు కదపకుండా ఉంచితే నీటికన్నా బరువైన ఆ ద్రావకం మందును వెంటేసుకుని అడుక్కి దిగుతుంది. కొళాయి తిప్పి దాన్ని వేరుగా పడతారు. మూడుసార్లు ఇలా చేసి, తడి లాగేసి, ద్రావకాన్ని ఆవిరి చేస్తూ ఒక మిల్లీలీటరుకు తెస్తారు. వెయ్యి రెట్లు చిక్కబడ్డాక గానీ క్రొమటోగ్రాఫ్ యంత్రంలోకి ఎక్కించరు.

మెలిక ఇక్కడే ఉంది. నీళ్లలో ఇట్టే కలిసిపోయే మందులు ఈ పద్ధతికి లొంగవు. మోనోక్రోటోఫాస్ అరకొరగా వస్తుంది, గ్లైఫోసేట్ అసలు రాదు. వాటికి వేరే దారులున్నాయి, కానీ ఏం వెతకాలో ల్యాబుకు తెలియాలి. 'అన్నీ చూడండి సార్' అంటే పని జరగదు. డబ్బా మీది మందు పేరు, కొట్టిన తేదీ రాసివ్వండి. రిపోర్టులో 'కనబడలేదు' అని వస్తే, వెతికిన మందులు కనబడలేదని మాత్రమే అర్థం.

సీసా విషయంలో మాత్రం జాగ్రత్త మీదే. ముదురు గోధుమరంగు గాజు సీసా ల్యాబు వాళ్లనే అడగండి. కూల్‌డ్రింకు బాటిల్ వద్దు, కొన్ని మందులు ప్లాస్టిక్‌కు అంటుకుపోతాయి. మందు కలిపిన చేత్తో సీసా ముట్టుకోవద్దు. బోరైతే మోటారు పది నిమిషాలు నడవనివ్వండి. మూతి దాకా నింపి, ఐసు పెట్టెలో పెట్టి వీలైతే ఆ రోజే చేర్చండి.

రిపోర్టు వచ్చేదాకా తాగడానికి వేరే నీళ్లు చూసుకోండి, కాచినంత మాత్రాన మందు పోదు. ఖాళీ డబ్బా మూడుసార్లు తొలిచి, ఆ నీళ్లు స్ప్రేయరులోనే పోసి చేనుకే కొట్టేయండి. బావి గట్టున మాత్రం కడగొద్దు.